కౌన్సెలర్ కావలసినది కాగితం మీద కాదు, బడిలో!

ఏటా వేసవిలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడుతాయి. మరునాటి దినపత్రికలలో పుటల నిండా ర్యాంకులు సాధించిన పిల్లల ఛాయాచిత్రాలు. లోపలి పుటలో, చిన్న అక్షరాలలో, ఇక తిరిగిరాని పిల్లల వార్తలు. ఆ సాయంత్రమే ఏలినవారు ఒక విజ్ఞప్తి విడుదల చేస్తారు. విద్యార్థులు అధైర్యపడరాదట. తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టి ఉండవలెనట. ఉపాధ్యాయులు ప్రత్యేక శ్రద్ధ వహించవలెనట. దానితో ప్రభుత్వ బాధ్యత తీరిపోతుంది. మళ్లీ వచ్చే వేసవి వరకు ఆ ఊసే ఉండదు.

ఈ తంతు ఇక సాగరాదు. పిల్లల ప్రాణరక్షణ విజ్ఞప్తులతో జరిగే పని కాదు. అందుకు మనుషులు కావాలి. ప్రతి పాఠశాలలోను, ప్రతి కళాశాలలోను, ఆ పనికే శిక్షణ పొంది, ఆ పనికే నియమితులై, ఉద్యోగ భద్రత కలిగిన కౌన్సెలర్లు కావాలి. ఈ కోర్కెను విద్యారంగానికి చెందిన వ్యవహారమని పక్కకు నెట్టకుండా, రైల్వే, తపాలా కార్మికోద్యమం తన కోర్కెల పత్రంలో చేర్చుకోవలసిన అగత్యం ఏర్పడినది.

లెక్కలు ఏమి చెప్పుచున్నవి?

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకటించిన వివరాల ప్రకారం 2013లో దేశంలో 8,423 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2022 నాటికి ఆ సంఖ్య 13,044 అయినది. 2023లో 13,892. అనగా సగటున రోజుకు 38 మంది. ఒక రైలు ప్రమాదంలో 38 మంది మరణిస్తే దేశమంతా ఉలిక్కిపడుతుంది, విచారణ సంఘం వేస్తారు, బాధ్యులెవరో తేల్చుతారు. ప్రతిరోజూ ఇంతమంది పిల్లలు రాలిపోతూ ఉంటే మాత్రం విచారణ లేదు, బాధ్యుడు లేడు. ప్రతి మరణమూ ఆయా కుటుంబాల దురదృష్టంగానే మిగిలిపోతున్నది.

ఇందులో గమనించదగిన సంగతి మరొకటి ఉన్నది. 2022లో పరీక్ష తప్పడమే కారణమని పోలీసు లెక్కలలో నమోదైన మరణాలు 2,248. అవన్నీ విద్యార్థులవే అనుకున్నప్పటికీ, మొత్తంలో ఇంచుమించు ఆరవ వంతు మాత్రమే. తక్కిన ఐదు వంతుల మాటేమిటి? ఇంటిలోని కలహాలు, అప్పులు, అనారోగ్యం, హాస్టలులోని ఒంటరితనం, కులం పేరిట అవమానం, పైకి చెప్పుకోలేని లైంగిక వేధింపు, ప్రేమ వ్యవహారం బయటపడితే ఏమగునోనన్న భయం, గుర్తింపుకు రాని మానసిక వ్యాధి. ఒక్కొక్కప్పుడు వీటిలో రెండు మూడు కలసి ఒకే పసిమనసు మీద విరుచుకుపడుతాయి. కనుక “మార్కులు ముఖ్యం కాదు, ధైర్యంగా ఉండండి” అనే ఉపన్యాసం ఫలితాల రోజున ఎంత గట్టిగా వినిపించినా, అత్యధిక సంఖ్యాకులైన పిల్లల బాధకు అది సమాధానమే కాదు.

2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుండి 17 సంవత్సరాల వయసు పిల్లలలో 7.3 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారని తేల్చినది. అయిదు వందల మంది చదివే ఉన్నత పాఠశాలలో ఈ లెక్కన సుమారు ముప్పైయారు మంది. ఆ ముప్పైయారు మంది ఎవరో ఆ బడిలో ఎవరికి తెలుసు? హాజరు పట్టీలో వారి పేర్లు ఉన్నవి. మార్కుల పట్టీలోను ఉన్నవి. వారి వేదన నమోదయ్యే చోటు మాత్రం ఎక్కడా లేదు.

మాటకు అర్థమే మారిపోయినది

తెలుగునాట “కౌన్సెలింగ్” అన్నంతనే సామాన్యునికి స్ఫురించేది ఏమిటి? ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో సీట్ల కేటాయింపు! ర్యాంకు కార్డు పట్టుకొని, ధ్రువపత్రాలు సర్దుకొని వెళ్లే తతంగం. ప్రైవేటు కోచింగు వ్యాపారంలో మరొక అర్థం కూడ ప్రచారంలోకి వచ్చినది. అక్కడ కౌన్సెలర్ అనగా కార్యాలయంలో ముందు గదిలో కూర్చుని, తల్లిదండ్రులకు ఫీజు వాయిదాలు వివరించి, పిల్లవానిని చేర్పించుకొనే ఉద్యోగి. మనసు చెదిరిన పిల్లవాని మాట ఓపికగా వినవలసిన వానికి పెట్టిన పేరును సీటు అమ్మే వానికి తగిలించుకున్నారు. వ్యాపారం విద్యను ఎంతవరకు కబళించినదో తెలుసుకొనడానికి ఈ ఒక్క మాట చాలును.

అసలు కౌన్సెలర్ చేయవలసిన పని ఏమిటి? మన కీమాన్ పనిని గుర్తు తెచ్చుకుంటే అది సులభంగా బోధపడుతుంది. కీమాన్ ప్రతిరోజూ తన బీటంతా కాలినడకన తిరుగుతాడు. వదులైన కీని బిగిస్తాడు. పగులు కనిపిస్తే ఎర్రజెండా చూపి బండిని ఆపుతాడు. పట్టా విరిగి బండి పడిపోయిన తరువాత వచ్చేవాడు కాడు, పడిపోకుండా చూచేవాడు. బడిలో కౌన్సెలర్ పని కూడ అటువంటిదే. నిన్నటి వరకు కలుపుగోలుగా ఉన్న పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటున్నాడా? నిద్ర, తిండి మానివేశాడా? మార్కులు అకస్మాత్తుగా పడిపోయినవా? ఇష్టమైన వస్తువులను స్నేహితులకు పంచిపెట్టుచున్నాడా? “నేను లేకపోతే ఎవరికీ నష్టం లేదు” వంటి మాటలు అంటున్నాడా? ఇవి పగుళ్ల వంటివి. వీటిని చూడగల కన్ను, వినగల చెవి, వెంటనే పిల్లవానితో ఏకాంతంగా మాట్లాడగల నేర్పు శిక్షణతో అలవడుతాయి.

“చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?” అని పిల్లవానిని సూటిగా అడగడానికి మనవారు జంకుతారు. అడిగితే లేని ఆలోచనను పుట్టించినట్లవుతుందని భయం. ఇది అపోహ మాత్రమేనని పరిశోధనలు స్పష్టం చేసినవి. అడగడం వలన ప్రమాదం పెరగదు. పిల్లవానికి తన బరువు దించుకొనే అవకాశం కలుగుతుంది. విన్న తరువాత ఏమి చేయవలెనన్నది కూడ కౌన్సెలర్‌కు తెలిసి ఉండాలి. ఆ గడ్డు సమయంలో పిల్లవాడు ఎవరి వద్ద ఉండాలి, హాని కలిగించే వస్తువులను ఎట్లా దూరం చేయాలి, తల్లిదండ్రులకు ఏమి చెప్పాలి, ఎప్పుడు జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపాలి, తిరిగి వచ్చిన పిల్లవానిని తరగతి గదిలో ఎట్లా నిలబెట్టాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప పిల్లవాడు చెప్పుకున్న సంగతి మరొకరి చెవిన పడరాదు. ఆ నమ్మకం లేనిదే ఏ పిల్లవాడూ నోరు విప్పడు.

ఒకసారి ప్రయత్నించి బయటపడిన పిల్లవాని సంగతి మరీ సున్నితమైనది. పోలీసు కేసు భయంతో కుటుంబాలు దానిని దాచిపెట్టడం, వైద్యం చేయించకపోవడం మన సమాజంలో ఆనవాయితీ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం అటువంటి వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైన వానిగా భావించాలి. అన్యథా రుజువైతే తప్ప శిక్షించరాదు. చికిత్స, సంరక్షణ కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. 2018 మే నుండి ఈ చట్టం అమలులో ఉన్నది. ఈ ఒక్క మాటను తల్లిదండ్రుల చెవిన వేసేవారు బడిలో ఎవరున్నారు?

ఉపాధ్యాయుని నెత్తిన ఇంకొక బరువా?

“ఇందుకు వేరే ఉద్యోగి ఎందుకు? ఉపాధ్యాయులు లేరా? వారికి ఒక రోజు శిక్షణ ఇస్తే చాలదా?” ఇది ఆర్థిక శాఖ వారికి ప్రియమైన వాదన. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, పైసా ఖర్చు ఉండదు. ఓటర్ల జాబితాలు, జనగణన, మధ్యాహ్న భోజనపు లెక్కలు, యాప్‌లలో వివరాల నమోదు మొదలైన పనులన్నీ ఇదే వాదనతో ఉపాధ్యాయుని నెత్తికి ఎక్కినవే కదా!

ఈ వాదన రెండు విధాల చెల్లదు. మొదటిది స్వభావానికి సంబంధించినది. మార్కులు వేసేవాడు, హాజరు తీసేవాడు, అల్లరికి శిక్షించేవాడు ఉపాధ్యాయుడు. ఆ మార్కుల వలననో, ఆ శిక్ష వలననో కుంగిపోయిన పిల్లవాడు తిరిగి ఆ ఉపాధ్యాయుని వద్దకే వెళ్లి మనసు విప్పగలడా? చార్జిషీటు ఇచ్చిన అధికారినే మన తరపు డిఫెన్సు సహాయకునిగా పెట్టుకొమ్మంటే మనం ఒప్పుకుంటామా?

రెండవది అనుభవ సిద్ధమైనది. బీహారు రాష్ట్రం నలందా జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఒక విస్తృత పరిశోధన జరిగినది. దాని ఫలితాలు 2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడినవి. పాఠశాల వాతావరణాన్ని, పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మెరుగుపరచే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడులలో ఉపాధ్యాయుల చేత, కొన్ని బడులలో అందుకే నియమించి శిక్షణ ఇచ్చిన సాధారణ కౌన్సెలర్ల చేత నడిపించారు. మరికొన్ని బడులలో అది లేకుండా ఉంచి పోల్చి చూచారు. కౌన్సెలర్లు నడిపిన బడులలో వాతావరణం మెరుగైనది. పిల్లలలో కుంగుబాటు, ఒకరినొకరు వేధించుకోవడం, హింస తగ్గినవి. ఉపాధ్యాయుల చేత నడిపించిన బడులలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. కార్యక్రమం ఒక్కటే, మనిషి వేరు. ఇది ఆత్మహత్యల సంఖ్యను కొలిచిన పరిశోధన కాదు. కాని ఆ దారికి తీసుకుపోయే కుంగుబాటును, వేధింపును కొలిచినది. ఫలితంలోని తేడా ఉపాధ్యాయుల అసమర్థత వలన కలిగినదని ఎవరైనా అంటే అది అన్యాయం. పని మీద పని రుద్దితే ఏ పనీ సాగదని రుజువు చేసిన ఫలితమది.

ఈ పరిశోధన మరొక సాకును కూడ కొట్టివేసినది. “అర్హులైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు దేశంలో ఎక్కడున్నారు?” అని అడుగుతుంటారు. నలందాలో పనిచేసినవారు పెద్ద పట్టాలున్న నిపుణులు కారు. శిక్షణ పొంది, పైనుండి పర్యవేక్షణ, సలహా అందుకుంటూ పనిచేసిన సామాన్యులు. పట్టభద్రులై పనిలేక తిరిగే యువతీయువకులు ప్రతి మండలంలోను ఉన్నారు. లేనిదల్లా ప్రభుత్వ సంకల్పమే.

ఐరోపాలో పది దేశాలలో, 168 పాఠశాలలలో, 11,110 మంది విద్యార్థులతో జరిగిన మరొక పరిశోధన 2015లో అదే పత్రికలో వచ్చినది. ప్రమాద చిహ్నాలు గుర్తించడంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినంత మాత్రాన చెప్పుకోదగిన తేడా రాలేదు. శిక్షణ పొందినవారు బయటినుండి వచ్చి, మానసిక ఆరోగ్యం గురించి విద్యార్థులతోనే చర్చలు, పాత్రాభినయాలు జరిపించిన బడులలో మాత్రం ఆత్మహత్యా ప్రయత్నాలు ఏడాది తరువాత ఇంచుమించు సగానికి తగ్గినవి. ఒక రోజు శిక్షణా శిబిరంతో చేతులు దులుపుకొనేవారికి ఇంతకన్న సమాధానం ఏమి కావాలి?

గోడ మీద నంబరు, చేతిలో లేని ఫోను

2020లో కేంద్ర విద్యాశాఖ ‘మనోదర్పణ్’ ప్రారంభించినది. 2022 అక్టోబరులో ‘టెలి మానస్’ వచ్చినది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడ మాట్లాడవచ్చును. ఇవి ఉపయోగకరమైనవే, ప్రతి కార్మికుని ఇంటిలో ఈ నంబరు రాసిపెట్టుకొనవలసినదే. కాని నంబరు గోడకు అంటించి ఇక కౌన్సెలర్ అక్కరలేదని అనడం వంచన. ఇంటర్మీడియట్ కోచింగు హాస్టళ్లలో పిల్లలకు ఫోను ఉంచుకొనే వీలే ఉండదు. తల్లిదండ్రులతో మాట్లాడడానికి వారానికొకసారి వరుసలో నిలబడాలి. పక్కన వార్డెను నిలబడి ఉంటాడు. ఆ పిల్లవాడు ఏ ఫోను నుండి 14416 తిప్పగలడు? ఎవరి ఎదుట తన బాధ చెప్పుకొనగలడు?

ఆదేశం వచ్చినది, మరి నియామకం?

2023లో విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు వరకు వెళ్లారు. ఆ కేసులో 2025 జులై 25న కోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను ప్రకటించినది. నూరు మంది, అంతకు పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల, కౌమార దశవారి మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించుకోవాలి. అంతకన్న చిన్న సంస్థలు బయటి నిపుణులతో లాంఛనంగా ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంత వరకు మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తగిన చట్టం వచ్చే వరకు ఇవి అమలులో ఉంటాయి.

ఈ ఆదేశాన్ని మనం హృదయపూర్వకంగా స్వాగతిస్తాము. అయితే ఆదేశాలు ఎట్లా నీరుగారిపోతాయో కార్మికవర్గానికి వేరే చెప్పనక్కరలేదు. నూటొక్క మంది పిల్లలున్న బడికీ “కనీసం ఒకరు”, నాలుగు వేల మందిని కుక్కిన కోచింగు క్యాంపస్‌కూ “కనీసం ఒకరు” అని యాజమాన్యాలు చదువుకుంటాయి. తగిన నిష్పత్తి పాటించవలెనని కోర్టు చెప్పినది. ఆ నిష్పత్తి ఎంతో నిబంధనలలో రాయించుకోవడం మన పని. అమెరికాలోని పాఠశాల కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒకరు ఉండవలెనని సిఫారసు చేస్తున్నది. మన పిల్లల ప్రాణాల విలువ అంతకన్న తక్కువా?

ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ కౌన్సెలర్లు వద్దు!

నియామకాలు జరిగిన చోట్ల కూడ ఏ పద్ధతిలో జరుగుచున్నవో చూడండి. కేంద్రీయ విద్యాలయాలలో కౌన్సెలర్లను ఏటికేడు ఇంటర్వ్యూలు పిలిచి ఒప్పందం మీద తీసుకోవడం రివాజుగా వస్తున్నది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార దశ పిల్లలకు ఏర్పాటైన క్లినిక్కులలోని కౌన్సెలర్లదీ ఒప్పంద ఉద్యోగమే. పైగా ఆ క్లినిక్కు ఉండేది ఆసుపత్రిలో. పిల్లవాడు ఉండేది బడిలో.

ఈ విధానం ఎక్కడికి తీసుకుపోతుందో తపాలా ఉద్యోగులకన్న బాగుగా ఎరిగినవారెవరు? గ్రామాలలో తపాలా వ్యవస్థను మోసినవారిని తరతరాలుగా ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’ అన్నారు. 2001లో ‘గ్రామీణ డాక్ సేవక్’ అని పేరు మార్చారు. రెగ్యులర్ ఉద్యోగి హోదా మాత్రం ఇవ్వలేదు. పని శాశ్వతం, మనిషి తాత్కాలికం. ఇదే ప్రభుత్వ నీతి. ఉత్తరం విషయంలోనే ఈ నీతి అన్యాయమైతే, పిల్లవాని మనసు విషయంలో అది క్రూరం. జూన్‌లో నమ్మి తన రహస్యం చెప్పుకున్న పిల్లవానికి వచ్చే జూన్‌లో ఆ మనిషి కనిపించకపోతే, అతడు మరొకరికి మళ్లీ మొదటినుండి చెప్పుకుంటాడా? ఏడాది చివర తన ఒప్పందం కొనసాగుతుందో లేదో తెలియని కౌన్సెలర్, యాజమాన్యం తప్పును యాజమాన్యానికే ఎత్తి చూపగలడా?

కౌన్సెలర్ ఒక్కడే సర్వరోగ నివారిణి కాడు

విషవాయువు నిండిన గదిలో పిల్లలను ఉంచి, తలుపు వద్ద వైద్యుని నిలబెట్టితే చాలదు. వాయువును ఆపాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఏమి జరిగినదో జ్ఞాపకం తెచ్చుకోండి. ఇంటర్మీడియట్ ఫలితాల సాంకేతిక బాధ్యతను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఫలితాలు తప్పుల తడకలైనవి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి 0 చూపించారు. ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాతనే త్రిసభ్య సంఘం, తప్పినవారందరి జవాబు పత్రాల ఉచిత పునఃపరిశీలన! సున్న పడిన పిల్లకు ధైర్యం చెప్పడం కౌన్సెలర్ పనే. ఆ సున్న ఎట్లా వచ్చినదని నిలదీయడం మాత్రం సమాజం పని.

నవోదయ విద్యాలయాలలో 2013–2017 మధ్య 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని 2018 డిసెంబరులో వెల్లడైనది. వారిలో సగం మంది దళిత, ఆదివాసీ పిల్లలు. పల్లెనుండి ఎన్నికై వచ్చిన తెలివైన పిల్లలు వారు. వారికి కొరవడినది తెలివి కాదు, తమను మనిషిగా చూచే మనిషి. కులాహంకారాన్ని బడి గేటు లోపలకు రానిచ్చి, దాని దెబ్బ తిన్న పిల్లవానికి “మనోధైర్యం” బోధించడం న్యాయం కాజాలదు. అందువలన కౌన్సెలర్‌కు కుర్చీతో బాటు అధికారం కూడ కావాలి. తెల్లవారు నాలుగు గంటలకు లేపే టైంటేబులును, ర్యాంకుల వారీ సెక్షన్లను, అవమానకరమైన శిక్షలను ప్రశ్నించే అధికారం. వినకపోతే యాజమాన్యాన్ని దాటి జిల్లా అధికారులకు నివేదించే అధికారం.

ఇది మన సమస్య ఎట్లా అయినది?

“తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టి ఉండాలి” అన్న విజ్ఞప్తి మొట్టమొదట తగిలేది మనకే. అవుట్ స్టేషనులో విశ్రాంతి ముగించుకొని ఇల్లు చేరేసరికి లోకో పైలట్ పిల్లలు నిద్రపోతూ ఉంటారు. లేచేసరికి బడికి పోతారు. ఆర్.ఎం.ఎస్. సార్టరు రాత్రి సెట్టులో ఉంటాడు. ట్రాక్‌మన్ ఎండలోనో వానలోనో పట్టాల మీద ఉంటాడు. చదువు మధ్యలో బదిలీ వస్తే ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు పిల్లవాడు గుంతకల్లులో కొత్త బడిలో, కొత్త ముఖాల మధ్య కూర్చుంటాడు. మన డ్యూటీలు దేశాన్ని నడిపిస్తున్నవి. ఆ డ్యూటీలు హరించిన సమయానికి పరిహారం అడిగే హక్కు మనకు లేదా? పనిచేసే తల్లికి శిశు సంరక్షణాలయం హక్కు అయినప్పుడు, ఎదిగే పిల్లలకు బడిలో కౌన్సెలర్ కూడ హక్కే.

మనసు ప్రాధాన్యం రైల్వే యాజమాన్యానికి తెలియక కాదు. సహాయ లోకో పైలట్లను, స్టేషను మాస్టర్లను ఎంపిక చేసేటప్పుడు మానసిక సామర్థ్య పరీక్ష పెట్టుచున్నారు. బండి నడిపే మనసు నిబ్బరంగా ఉండాలని తెలిసినవారికి, ఆ బండి నడిపేవాని బిడ్డ మనసు సంగతి పట్టదా?

ప్రభుత్వం మన పిల్లల చదువుకు డబ్బు ఇస్తూనే ఉన్నది. 2024 జనవరి నుండి పిల్లల విద్యా భత్యం నెలకు 2,812 రూపాయల 50 పైసలు. హాస్టలు సబ్సిడీ 8,437 రూపాయల 50 పైసలు. రైల్వే పాఠశాలలు ఒకటొకటిగా మూతపడుతూ ఉండగా, ఈ సొమ్ములో ఎక్కువ భాగం ప్రైవేటు హాస్టళ్ల గల్లాపెట్టెలకు చేరుచున్నది. ప్రజాధనం పుచ్చుకొనే సంస్థను “నీ దగ్గర కౌన్సెలర్ ఉన్నాడా?” అని అడగడానికి ప్రభుత్వానికి నోరెందుకు రాదు?

ఒక మాట మనలో మనం కూడ అనుకోవాలి. పదవ తరగతి ముగియకుండానే పిల్లవానిని దూరపు హాస్టలులో చేర్చి, నా కష్టం నా బిడ్డకు వద్దని తండ్రి ఆశపడడంలో తప్పు లేదు. కాని ఆ ఆశ పిల్లవాని మెడకు బండరాయి కారాదు. ఒక పరీక్ష తప్పితే ఆ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉన్నది, ఏడాది పోదు. ఈ మాట ఫలితాలకు ముందే, తండ్రి నోటినుండే పిల్లవాడు వినాలి.

మన కోర్కెలు

1. నూరు మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను మంజూరైన రెగ్యులర్ పోస్టులో కౌన్సెలర్‌ను నియమించాలి. 250 మందికి ఒకరు చొప్పున నిష్పత్తిని నిబంధనలలో నిర్ణయించాలి. చిన్న బడులకు మండలానికొక బృందాన్ని ఏర్పాటు చేయాలి.

2. కౌన్సెలర్‌కు బోధన, గుమాస్తా పని, అడ్మిషన్ల పని అప్పగించరాదు. యాజమాన్యం తనంత తాను తొలగించే వీలు లేకుండా రక్షణ కల్పించాలి.

3. మిగిలి ఉన్న రైల్వే పాఠశాలలలోను, మన పిల్లలు చదివే కేంద్రీయ విద్యాలయాలలోను ఒప్పంద పద్ధతిని రద్దుచేసి రెగ్యులర్ నియామకాలు చేయాలి.

4. హాస్టలు సబ్సిడీ వర్తించే ప్రతి సంస్థా కౌన్సెలర్ నియామకాన్ని ధ్రువపరచాలి. లోపముంటే చర్య సంస్థ మీద ఉండాలి తప్ప ఉద్యోగి భత్యం మీద కాదు.

5. ప్రతి హాస్టలులోను విద్యార్థి ఏకాంతంగా 14416కు, పిల్లల సహాయ నంబరు 1098కి ఉచితంగా మాట్లాడగల టెలిఫోను ఉండాలి.

6. రైల్వే ఆసుపత్రులలోను, సి.జి.హెచ్.ఎస్. కేంద్రాలలోను కౌమార దశ పిల్లలకు మానసిక ఆరోగ్య విభాగం తెరవాలి. ఫలితాల వారంలో కౌన్సెలర్లందరూ విధులలో ఉండాలి.

ఈ కోర్కెలు తీర్మానాల పుస్తకంలో నిద్రపోరాదు. రైల్వే సోదరులు పి.ఎన్.ఎం. సమావేశాల ఎజెండాలో, తపాలా సోదరులు జె.సి.ఎం. సమావేశాలలో వీటిని చేర్పించాలి. ప్రతి శాఖ తన పరిధిలో సభ్యుల పిల్లలు చదివే బడుల జాబితా తయారుచేసి, కౌన్సెలర్ ఉన్నాడా, ఎన్ని గంటలు ఉంటున్నాడు, ఎంతమందికి ఒకడు, ఏ హోదాలో ఉన్నాడు అని సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ సంస్థలనూ, జిల్లా విద్యాధికారులనూ అడగాలి. వచ్చిన జవాబులను నోటీసు బోర్డుల మీద పెట్టాలి. ఉపాధ్యాయ సంఘాలతో, విద్యార్థి సంఘాలతో కలసి జిల్లా కలెక్టర్ల వద్దకు ప్రతినిధి వర్గాలుగా వెళ్లాలి.

2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యా నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్యా మరణాలను పది శాతం తగ్గించడం లక్ష్యమని చెప్పినది. వ్యూహం ప్రకటించిన మరుసటి సంవత్సరమే విద్యార్థుల మరణాలు పెరిగినవి. లక్ష్యాలు తమంత తాము నెరవేరవు. ఎనిమిది గంటల పనిదినం గాని, బోనసు గాని, పింఛను గాని విజ్ఞప్తులతో రాలేదు. సంఘటిత పోరాటంతో వచ్చినవి. మన బిడ్డల ప్రాణాలకు రక్షణ కూడ ఆ దారినే రావాలి.

కామ్రేడ్స్! వచ్చే వేసవిలో ఫలితాలు వెలువడేనాటికి మన పరిధిలోని ఎన్ని బడులలో కౌన్సెలర్ గది తలుపు తెరచి ఉంటుందన్నదే ఈ సంవత్సరం మన సంఘ బలానికి పరీక్ష. ఆ పరీక్షలో మనం తప్పరాదు.